పెదాలు కదిలించిన ముప్పై ఏళ్లు

మా చర్చి క్వయర్‌లో ముప్పై ఏళ్లు వెనక వరసలో నిలబడ్డాను, గొంతు విప్పకుండా. మొదటి రోజే పాటల మాస్టారు ఆపేశారు. "నీది మొగగొంతు మాదిరి ఉండాదమ్మా. అందర్నీ మింగేస్తాది. నిలబడుకో, పెదాలు మాత్రం ఆడించు" అన్నారు. అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. మానేస్తానంటే, మనిషి తగ్గితే వరస బాగుండదన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు! పాట మీద ఆశ చావక ఉండిపోయాను. సిగ్గులేనిదాన్నే, ఒప్పుకుంటాను.

మా ఊరి బంగారు గనులు మూతపడ్డాయి. కోరమండల్ లైన్లలో, ఆ గని కూలీల ఇళ్ల వరసల్లో, పాడేవాళ్లంతా ఒక్కొక్కరే బెంగుళూరు రైలెక్కారు. మాస్టారు పక్కూరు బేతమంగళలో కూతురింటికి చేరారు. ఒక క్రిస్మస్‌కి ముందు వరసే లేదు. "ఇంగ ఎవురున్నారమ్మా, నువ్వే పాడల్ల" అన్నారు పాస్టరు. అప్పటికి నాకు యాభై రెండు. ఊరందరి కొంపా మునిగాకే నాకు నోరు తెరిచే వంతు వచ్చింది.

ఆ రోజు చర్చికొచ్చి నా పాట విన్న బెంగుళూరు బ్యాండు పిల్లలు నన్ను వదల్లేదు. అమెరికా నల్లవాళ్ల సోల్ పాటలకు ఇలాంటి బరువైన గొంతే కావాలట. పెద్ద పెద్ద హాళ్లలో పాడించారు. "ఇన్నాళ్లూ యాడ దాక్కున్నారు ఆంటీ?" అని ఒకమ్మాయి అడిగితే ఒళ్లు మండింది. దాక్కోవడమా! నన్నెవరు పాడనిచ్చారు? ఇప్పుడు మూడు పాటలకే ఆయాసం. గొంతు గట్టిగా ఉన్న వయసంతా పెదాలాడించడానికే సరిపోయింది.

తర్వాత మా ఊళ్లోనే కచేరీ పెట్టారు. నాకు కావలసింది ఒక్కటే. మాస్టారు వినాలి, విని, తప్పు చేశానని ఒక్క మాట అనాలి. బస్సెక్కి బేతమంగళ వెళ్లాను. ఆయన నిద్రపోతున్నారు. "తీసుకొస్తామాంటీ" అంది కూతురు. అన్నట్టే తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆ రోజు పాడినట్టు జన్మలో పాడలేదు. ఆయన్నే చూస్తూ పాడాను. అందరితో పాటు ఆయనా చప్పట్లు కొట్టారు.

గబగబా దిగి వెళ్లి, "ఎట్లుండాది మాస్టారూ నా గొంతు?" అన్నాను. ఆయన నవ్వుతూ తలూపారు. మళ్లీ అడిగాను. మళ్లీ తలూపారు. కూతురు నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"నాయనకు రెండేండ్లుగా చెవులు బొత్తిగా వినపడవాంటీ. మీరు అంత ఆశగా పిలిస్తిరి, చెప్పేదానికి నాకు నోరు రాలేదు."

క్షమించమంటారు పాస్టరు. చేసిన తప్పే తెలియని మనిషిని ఏమని క్షమించను? ఆ మనిషి అలాగే పోతాడు, నా గొంతు గురించి తనన్నదే నిజమనుకుని.