గొలుసు వేసిన గడ

అబ్దుల్ సత్తార్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని సత్తుపల్లిలో ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజు ఖమ్మంలో, యూనివర్సిటీ ఇన్నొవేషన్ హబ్ ఏసీ గదిలో, అది నషాళానికి అంటింది.

పరిశోధన చేసేవాళ్లను వ్యాపారం చేసేవాళ్లతో కలపడం హబ్ పని. దమ్మపేట దగ్గరి తండాలో పుట్టి, యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న సరళను సత్తార్ వెల్డింగ్ షాపుతో కలిపింది వాళ్లే. ఆమె తండ్రి రూప్‌సింగ్ పామాయిల్ గెలలు కోసీ కోసీ భుజం పోగొట్టుకున్నాడు. భుజం మీద బరువు పడకుండా గెల కోసే పొడుగాటి గడకు సరళ నమూనా గీసింది. సత్తార్ చేశాడు, చెడగొట్టాడు, మళ్లీ చేశాడు. ఇద్దరూ పోట్లాడుకుంటూనే చివరికి కుదిర్చారు.

కుదిరిన రోజే సత్తార్ దాన్ని దమ్మపేట రోడ్డు మీదున్న తన షాపు ముందు వేలాడదీశాడు. వాళ్ల అబ్బా కాలం నుంచీ అంతే. కొత్త పనిముట్టు ఏది చేసినా మొదటిది బయట వేలాడాలి. దారిన పోయేవాళ్లు పట్టుకుని చూడాలి, వంకలు పెట్టాలి. పది చేతులు పడందే అది పనిముట్టు కాదని ఆ ఇంట్లో మాట. బయట పెట్టొద్దని సరళ ముందే చెప్పింది. దొంగల భయంతో చెబుతోందనుకుని, ఈ మహానుభావుడు దానికి గొలుసు వేసి మరీ వేలాడదీశాడు.

ఇప్పుడు గడను తయారు చేస్తామని హైదరాబాద్ కంపెనీ ఒకటి వచ్చింది. మీటింగుకు ముందు హబ్ మేనేజర్ రాజేష్ సత్తార్‌ను మెట్ల దగ్గర ఆపాడు.

"సత్తార్ భాయ్, ఎవ్వరికీ చూపియ్యలేదని చెప్పు. ముందే బయటపడ్డదంటే పేటెంట్ రాదు. అది లేకుంటే కంపెనీ ఉండదు. సరళ ప్రాజెక్టు బంద్."

"రోడ్డు మీద ఏలాడేదాన్ని లేదనాల్నా?"

"ఒక్క ముక్క భాయ్."

లోపల కంపెనీ ఆయన మర్యాదగానే అడిగాడు. "ఇది బయటివాళ్లెవరైనా చూశారా?"

సత్తార్ సరళ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"చూసిండ్రు. దమ్మపేట రోడ్డంతా చూసింది. ఫొటోలు గూడ దీస్కున్నరు. కోసేటోడు చూడొద్దంటే ఎవని కోసం చేసినట్టు? నీ కోసమా? జన్మల ఒక్క గెల కోసినవా నువ్వు?"

కంపెనీ ఆయన లాప్‌టాప్ మూసేశాడు. దాంతో అంతా మూసుకుపోయింది.

బయటికొచ్చాక సరళ అతని మీద విరుచుకుపడింది.

"గొలుసేసినవ్ చాచా. కండ్లతోని ఎత్కపోయేటోళ్లకు గొలుసేం అడ్డం?"

"సీదా చెప్పొచ్చు గద."

"చెప్పిన. నువ్వెప్పుడన్న ఇన్నవా?"

"మరి అబద్ధమాడాల్నా?"

"ఆడమన్ననా నేను? చూసిండ్రని చెప్పి ఊకోవాలె. వేరే మోడల్ చేస్తమని నేను మాట్లాడుకుందును. మనిషిని తిట్టి లేపినవ్. గెల కోసినవా అంట. మా బాపు కోసిండు, నేను కోసిన. నువ్వు కోసినవా?"

కత్తులు చేయడమే గాని, సత్తార్ ఏ తోటలోనూ గెల కింద నిలబడిన మనిషి కాదు.

ఇద్దరూ ఒకే బస్సెక్కారు. సరళ ముందు సీట్లో కూర్చుంది. సత్తుపల్లి దాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తన ఊళ్లో దిగిన సత్తార్, ఆమెను తీసుకుని దమ్మపేట వైపు కదులుతున్న బస్సు రేకు మీద అరచేత్తో ఫెడీమని కొట్టాడు.

కండక్టర్ తల బయట పెట్టాడు. "ఏంది చాచా, బస్సేం జేసింది నిన్ను?"