వద్దు బాబాయ్ బల్ల

“...బాగున్నవి తీసేసి, బాగోనివి ఉంచుతారా ఎవరైనా?”

“నువ్వు రోజూ ఫొటోలు తీసి ముద్దు చేసేది ఆ బాగోనివాటినే కదమ్మాయ్! నాకేం తెలుసు?”

వరి మీద పరిశోధన చేసే అమ్మాయికీ, గ్రీన్‌హౌస్ చూసుకునే పెద్దాయనకీ పొద్దున్నే మాటామాటా పెరిగింది. పెద్దాయనకు అందరూ పెట్టిన పేరు వద్దు బాబాయ్. ఇరవై రెండేళ్లుగా అక్కడి తాళం ఆయన దగ్గరే. కుండీ పెట్టుకుంటామని ఎవరడిగినా ముందు “వద్దు” అంటాడు. కారణం తర్వాత వెతుక్కుంటాడు. తలుపు పక్కన, ఎండ బాగా పడేచోట ఆయన బల్ల. దాని మీద రిజిస్టరు, కళ్లజోడు, టీ గ్లాసు తప్ప మరొకటి ఉండకూడదు. ఒకసారి పెద్ద సారు అక్కడ పెన్ను మూత మరిచిపోతే, కాగితంలో చుట్టి మరీ తిరిగి పంపించాడు.

నిన్న వేరేవాళ్ల కొత్త కుండీలకు చోటు చాలక అమ్మాయి కుండీల్లో పన్నెండు తీసేశాడు. గిడసబారి, వెన్ను వంకర తిరిగినవాటిని భద్రంగా ఉంచి, మామూలు మొక్కల్ని తీశాడు.

“ఆ పొట్టివాటికి గింజ పట్టదు బాబాయ్. అంతా తాలే. మొక్కలో ఒక ప్రోటీన్ ఉంటుంది. ఎదగడానికీ, పూతకీ కావలసిన జన్యువుల మీద కూర్చుని ‘ఆగండి, ఇప్పుడే వద్దు’ అంటుంది. వేళొచ్చాక ఒక్కోదాన్నీ వదుల్తుంది.”

“బుద్ధిగల ప్రోటీన్.”

“మీ చుట్టమే. పొట్టివాటిల్లో అది లేదు.”

“అడ్డు చెప్పేవాళ్లు లేకపోతే ఏపుగా పెరగాలి కదా?”

“అన్నీ ఒకేసారి మొదలెట్టేసరికి ఏదీ సరిగ్గా పూర్తికాలేదు.”

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. “ఈ ముక్క మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పవూ?”

అమ్మాయి నవ్వలేదు. “మీరు తీసేసిన మామూలువాటిల్లో కొన్నింటికి ఆ లోపం సగమే ఉంది. పైకి తెలీదు. వాటి విత్తనంలోంచే మళ్లీ పొట్టివి రావాలి. అవి పోతే నా మూడేళ్ల పనీ పోయినట్టే.”

బాబాయ్ కాసేపు కళ్లజోడు తుడిచాడు. తర్వాత ఆమెను నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లాడు. వద్దన్నదాన్ని వెంటనే పారేయడం ఆయనకు చేతకాదు. పదిహేను రోజులు అక్కడ దాచి ఉంచుతాడు. ఈ సంగతి తెలిస్తే తన “వద్దు”కి విలువ పోతుందని ఎవరికీ చెప్పలేదు.

పన్నెండు కుండీలూ ఉన్నాయి. ఆకులు కొంచెం వాడాయి. అమ్మాయి ఒక గింజ నొక్కి చూసింది. తెల్లటి పాలు వచ్చాయి.

“బతికున్నాయి. కానీ ఇప్పుడు ఎండ తగలకపోతే ఇవీ తాలైపోతాయి.”

కుండీలు మోసుకుని లోపలికి వచ్చారు. అరల్లో వేలు పెట్టే సందు లేదు. అమ్మాయి తలుపు పక్కకి ఒక్కసారి చూసి, చూడనట్టు చూపు తిప్పుకుంది.

బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని, రిజిస్టరు చంకలో ఇరికించి, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

“నా బల్ల మీద పెట్టమ్మాయ్. కోతయ్యేదాకా నేను బయట కూర్చుంటా.”