టీ డబ్బాలో నాలుగు మాత్రలు

దసరా వెళ్ళిన మూడో రోజు సాయంత్రం మా ఆయన డ్యూటీ నించి వచ్చి సైకిలు గోడకి ఆనించకుండా వాకిట్లోనే పడేసేడు. ఆ సైకిలంటే ఆయనకి ప్రాణం. అలా పడెయ్యడం పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేను చూళ్ళేదు. "ఏటయ్యిందండీ" అంటే "సలేత్తంది, దుప్పటియ్యి" అన్నాడు. మా బారిడీహ్ కాలనీలో అందరిళ్ళల్లోనూ ఇంకా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఏదో తేడాగా ఉందని ఆ రోజే నాకు అనిపించింది. అనిపించి ఏం లాభం, ఆ తరవాత నేను చేసిన పని అలాటిది.

ముందు ఆ ఏడు మా ఇంట్లో నడుస్తున్న గోల చెప్పాలి. మా ఆయన ఇక్కడి ఉక్కు కంపెనీలో ఫిట్టరు. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక క్లబ్బులో చేరి కయాక్ నడపడం నేర్చుకున్నాడు. కయాక్ అంటే మనిషి కాళ్ళు చాపుకుని కూచుంటే సరిగ్గా సరిపోయే సన్నటి ఫైబర్ పడవ. తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. తను నేర్చుకుని ఊరుకోవచ్చు కదా. కంపెనీలో తనతో పనిచేసే ఎనిమిది మందిని, బకెట్లో నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగనివాళ్ళని, డిసెంబర్లో డిమ్నా చెరువుకి తీసుకెళ్ళి నేర్పిస్తానని ఒప్పుకున్నాడు. రెండు పగళ్ళు నీళ్ళ మీద, నడుమ ఒక రాత్రి ఒడ్డున టెంట్లలో.

ఇంట్లోకి ఏం కావాలో ఒక్క చీటీ రాసిన మనిషి కాదు. అలాంటిది పాత క్యాలెండరు వెనకవైపు ఇంత లిస్టు రాసి వంటింటి గోడకి అంటించేడు. లైఫ్ జాకెట్లు. తాళ్ళు. టార్పాలిన్. కిరసనాయిలు స్టవ్వు. ఈత రానివాడు ఇద్దరు కూచునే పడవలో ముందు సీట్లోనే. మొదటి రోజు ఒడ్డు నించి యాభై గజాలు దాటకూడదు. ఒక ఈల కొడితే ఆగాలి, రెండు కొడితే ఒడ్డుకి రావాలి. పోపు వేస్తున్నా, పప్పు రుబ్బుతున్నా నా కళ్ళ ముందు అదే.

"ఎనిమిది మందికి ఉప్మా రవ్వ ఎంత పడతాదే" అని అడిగేవాడు.

"ముందు ఆళ్ళకి మునగకుండా ఉండడం నేర్పండి. ఉప్మా సంగతి నేను చూత్తాను" అనేదాన్ని.

నవ్వి ఇంకో రెండు లైన్లు రాసేవాడు. ఆ లిస్టులో అగ్గిపెట్టె కూడా ఉంది. దోమతెర లేదు. టెంట్లు వేసే చోటు చూసుకోడానికని దసరాకి పది రోజుల ముందు తనూ, ఆ ఎనిమిది మందిలో ఒకడైన లక్ష్మణూ వెళ్ళి ఒక రాత్రి అక్కడ పడుకున్నారు. దోమతెర పట్టుకెళ్ళమని నేను తీసిచ్చేను. "కేంపింగుకి దోమతెరేటే, నలుగురూ నవ్వుతారు" అని మంచం మీద పెట్టేసి పోయేడు.

ఇప్పుడు నా టీ డబ్బా సంగతి. వానలు వెళ్ళగానే మా క్వార్టర్ల లైన్లో ఇంటికొకరు మలేరియాతో పడుకోవడం మామూలే. ఆసుపత్రిలో చేదు మాత్రల కోర్సు ఇస్తారు. రెండు రోజులు వేసుకుంటే జ్వరం దిగిపోతుంది. దిగేక ఆ చేదు ఎవరు మింగుతారు? మిగిలినవి కాయితంలో పొట్లం కట్టి దాచుకునేవాళ్ళం. పక్కింట్లో జ్వరమొస్తే కరివేపాకు అడిగినట్టు గోడ మీంచి అడిగేవాళ్ళం, ఇచ్చుకునేవాళ్ళం. అంతకు ముందేడు నాకొచ్చిన జ్వరంలో మిగిలిన నాలుగు మాత్రలు పాత టీ డబ్బాలో దాచేను. పొదుపైన ఇల్లాలినని నాకు లోపల గొప్ప కూడాను.

"ఆసుపత్రికి పదండి" అన్నాను ఆ సాయంత్రం.

"ఊరుకో సత్తీ. సిక్‌లో రాసేత్తారు. డిసెంబర్‌కి క్లబ్బోళ్ళు ఫిట్ సర్టిఫికెట్ అడుగుతారు. జొరమని కాయితం మీద పడితే నన్ను పంపరు. నేను లేకపోతే ఆ ఎనిమిది మందీ ఎళ్ళరు. నీ డబ్బాలో ఉన్నాయి కదా, అవియ్యి."

ఇచ్చేను. వద్దని ఒక్క మాట అన్లేదు. రాత్రి రెండు, పొద్దున్న రెండు. మర్నాటికి జ్వరం దిగింది, ఆదివారానికి చెరువు దగ్గిర ప్రాక్టీసుకి పోయేడు. నా డబ్బా ఎంత పనికొచ్చిందో చూడమని పక్కింటి సూరమ్మత్తతో గొప్పగా చెప్పేను కూడాను.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి సూరమ్మత్త దగ్గిర రెండు మాత్రలు తెచ్చేను. అదీ దిగింది. మూడోసారి వచ్చినప్పుడు వాంతులు. తాగిన మంచినీళ్ళు కూడా నిలవలేదు. కళ్ళు పచ్చబడ్డాయి. గోడ మీద లిస్టుని చూస్తూ "ఇంకా నెల ఉంది, తగ్గిపోద్దిలే" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. లక్ష్మణ్‌ని పిలిచి ఆటో తెప్పించి ఆసుపత్రికి లాక్కెళ్ళేను.

అక్కడి డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, మాటలు హిందీలోనే. పొట్ట నొక్కి చూసి "స్ప్లీన్ బఢా హువా హై" అంది, ప్లీహం వాచిందని. తరవాత నావైపు తిరిగి అడిగింది: "పహలే కోయీ దవా లీ?" ముందు ఏమన్నా మందు వేసుకున్నాడా అని. మంచం మీంచి ఆయన నాకేసి చూసి తల అడ్డంగా ఊపేడు. చెప్పకు అని.

"నహీ" అన్నాను, లేదని.

రక్తం తీసేరు. స్మియర్‌లో ఏమీ కనపడలేదు. "ఎమ్.పి. నెగెటివ్" అన్నారు, రక్తంలో మలేరియా పురుగు లేదని. టైఫాయిడ్‌కి చేసే విడాల్ టెస్టు కొంచెం పాజిటివ్‌గా వచ్చింది. "టైఫాయిడ్ లగ్ రహా హై" అని ఆ మందు మొదలెట్టేరు. ఆవిడ తప్పేమీ లేదు. నేను చెప్పిన మాటని పట్టుకుని వైద్యం చేసింది.

రెండో రోజు మళ్ళీ అడిగింది, సరిగ్గా గుర్తు తెచ్చుకో అని. నహీ అన్నాను. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. మొదటి రోజు ఆయన వద్దన్నాడని చెప్పలేదు. రెండో రోజు, నిన్న లేదని ఇవాళ ఉందంటే ఏమనుకుంటుందోనని చెప్పలేదు. ఆ తరవాత రెండు రోజులు ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. మాత్రలు నా డబ్బాలోవి. ఇచ్చింది నా చెయ్యి. ఇంటికెళ్ళి ఆ డబ్బాని బియ్యం బస్తా వెనకాల దాచేను, ఎవరో వచ్చి వెతుకుతారన్నట్టు. అంత బుద్ధితక్కువ పని నేను జన్మలో చెయ్యలేదు.

అయిదో రోజు పొద్దున్న ఇక్కడి హిందీ బళ్ళో చదివే మా పాప జ్యోతిని తీసుకుని వార్డుకి వెళ్ళేను. ఆయన పడుకునే రెండు చేతులూ గాల్లో తిప్పుతున్నాడు, ఇటు ఒకటి అటు ఒకటి, తెడ్డు వేస్తున్నట్టు. జ్యోతి దగ్గిరకెళితే "జాకెట్ ఏదీ? జాకెట్ లేకుండా ఎవుడెక్కమన్నాడు నిన్ను" అని కసిరేడు. పాప నావైపు తిరిగి "మమ్మీ, పాపా ముఝే పహచాన్ నహీ రహే" అంది. నాన్న నన్ను గుర్తుపట్టట్లేదు అని. చూస్తుండగానే ఆయన ఒళ్ళు బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలెట్టింది. ఫిట్స్.

సిస్టర్లు పట్టుకున్నారు. నేను వరండాలో పరిగెత్తి డాక్టరమ్మ ముందు నిలబడి నాకొచ్చిన హిందీలో మొత్తం చెప్పేసేను. టీ డబ్బా, నాలుగు మాత్రలు, సూరమ్మత్త ఇచ్చిన రెండు, ఏ రోజు ఎన్ని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మేడమ్, ఆధా కోర్స్ సే కీడే మర్తే నహీ, ఛుప్ జాతే హై" అంది. సగం మందుకి ఆ పురుగులు చావవు, దాక్కుంటాయని. వెంటనే మళ్ళీ రక్తం తీయించింది. గంటలో రిపోర్టు వచ్చింది. "పి.ఎఫ్. హై. సెరిబ్రల్ మలేరియా." మలేరియాల్లో చెడ్డ రకం, మెదడుకెక్కిందని. క్వినైన్ డ్రిప్ పెట్టేరు. వెళ్తూ వెళ్తూ ఆగి "చార్ దిన్ పహలే బతాతే తో..." అని మాట మధ్యలో ఆపేసింది. నాలుగు రోజుల ముందు చెప్పుంటే అని. దానికన్నా తిట్టుంటే నాకు బాగుండేది.

తరవాత మూడు రోజులు ఎలా గడిచేయో చెప్పడం కష్టం. డ్రిప్ పెట్టిన మర్నాడు షుగరు పడిపోయి ఒళ్ళంతా చెమటలు, గ్లూకోజ్ ఎక్కించేరు. మూత్రం టీ డికాషన్‌లా వచ్చింది. యూరియా పెరిగిందన్నారు, కిడ్నీలు చూడాలన్నారు. నేను బెంచీ మీద కూచుని ఆయన్ని తిట్టుకున్నాను, కయాక్‌ని తిట్టుకున్నాను, ఆ క్యాలెండరు లిస్టుని తిట్టుకున్నాను. తిట్టుకోడానికి ఇంకెవరూ మిగలక నన్ను తిట్టుకున్నాను. ఆయన పోతే నా చేతులారా పోగొట్టుకున్నదాన్నవుతాను. జ్యోతికి ఆ మాట ఎలా చెప్పను?

నాలుగో రోజు కళ్ళు తెరిచేడు. నన్ను గుర్తుపట్టేడు. అడిగిన మొదటి మాట "ఇయ్యాల ఎన్నో తారీఖు?" అని. ఎందుకడిగేడో నాకు తెలిసింది. అంత ఏడుపులోనూ చెడ్డ కోపం వచ్చింది. "మీ డిసెంబర్ లేదు, మీ ట్రిప్పు లేదు, నోరు మూసుకుని పడుకోండి" అన్నాను. ఆయన "ఏటీ? ఇనపట్లేదు, చెవుల్లో ఈలలు" అన్నాడు. క్వినైన్‌తో చెవులు హోరెత్తడం మామూలే, తగ్గుతుందన్నారు. కుడి చెవి తగ్గింది. ఎడమ చెవి తిరిగి రాలేదు. మందు వల్లో జబ్బు వల్లో గట్టిగా చెప్పలేమన్నారు.

ఆ ఎనిమిది మందీ బత్తాయిలు పట్టుకుని వార్డుకి వచ్చేరు. నువ్వు లేకుండా మేమెళ్ళమన్నారు. ట్రిప్పు ఆగిపోయింది. ఇంటికొచ్చేక కోలుకోవడం సినిమాల్లో చూపించినట్టుండదు. దొడ్లోకి నడిస్తే ఆయాసం. అన్నం చూస్తే విసుగు, నన్ను చూస్తే విసుగు. మార్చిలో నేను వద్దంటున్నా చెరువుకెళ్ళి కయాక్ ఎక్కేడు. నిలకడ తప్పి మోకాలి లోతు నీళ్ళల్లో బోల్తా పడ్డాడు. తెడ్డు ఒడ్డుకి విసిరికొట్టి ఇంటికొచ్చేసేడు. డాక్టరమ్మని అడిగితే "ధీరే ధీరే" అంది. నెమ్మదిగా, నెమ్మదిగా. ఆ మాట వినీ వినీ నాకే చిరాకేసేది, ఆయనకి వెయ్యదా? వానలయ్యేదాకా పట్టింది ఆయన మళ్ళీ కయాక్‌లో సరిగ్గా కూచోడానికి.

మరుసటి డిసెంబర్లో వెళ్ళేము. వెళ్ళేము అంటే నేనూ వెళ్ళేను, వంట నాది. లిస్టు మొదట్లో దోమతెరలు రాసింది నేనే. క్లబ్బు నించి తెడ్డు బాగా తెలిసినవాళ్ళు ఇద్దరు వచ్చేరు. ఒడ్డున ఎనిమిది మందినీ కూచోబెట్టి మా ఆయన లిస్టు చదివేడు. ఈల సంగతి, జాకెట్ల సంగతి అయ్యేక, కొత్తగా రాసుకున్న ఆఖరి లైను చూసి అడిగేడు. "ఈ పది రోజుల్లో ఎవడైనా ఏ మాత్రైనా ఏసుకున్నాడా? చెప్పండి. ఎవుడినీ ఏటీ అనను."

లక్ష్మణ్ తల వంచుకుని "రెండేసుకున్నానన్నా. మొన్న. పక్కింటోళ్ళిచ్చేరు. చెప్తే రావద్దంటావని" అన్నాడు.

మా ఆయన లిస్టు మడిచి నా చేతికిచ్చేడు. క్లబ్బువాళ్ళకి అప్పచెప్పి, స్కూటరు అడిగి తీసుకుని, లక్ష్మణ్‌ని వెనకాల ఎక్కించుకుని ఆసుపత్రికి పోయేడు. ఏడాది పైన ఎదురుచూసిన రోజు అది. ఏడుగురూ ఆయన లేకుండానే నీళ్ళల్లోకి దిగేరు. నేను ఉప్మా కలుపుతూ చూస్తూ కూచున్నాను.

పొద్దు వాలేక వచ్చేడు. లక్ష్మణ్‌కి స్మియర్ పాజిటివ్, పూర్తి కోర్సు ఇచ్చేరు, వాళ్ళావిడకి అప్పచెప్పి వచ్చేనన్నాడు. ఏడుగురూ తడిబట్టలు మార్చుకుని మంట చుట్టూ చేరేరు. ఆయన రాయి మీద కూచున్నాడు, నేను పక్కన. ఏడాది పాటు దిగమింగుకున్నది అప్పుడు బయటికొచ్చింది. "నాలుగు రోజులు నేను డాక్టరమ్మకి అబద్ధం చెప్పేనండి. మీరొద్దన్నారని ఒక్క రోజే. మిగతా రోజులు ఆ డబ్బా నాదని."

ఆయన చెరువుకేసి చూస్తూ ఉండిపోయేడు. కోపమొచ్చిందనుకున్నాను. కాసేపటికి నావైపు తిరిగి "ఏటైనా అన్నావా?" అన్నాడు. నేను కూచున్నది ఎడమవైపు.

లేచి అటువైపు వెళ్ళి కూచుని మళ్ళీ చెప్పేను. ఈసారి గట్టిగా. మంట చుట్టూ ఉన్న ఏడుగురికీ వినపడింది. ఆయన నా చేతిలో ఉన్న లిస్టు తీసుకుని, జేబులోంచి పెన్సిలు తీసి, మాత్రల గురించి రాసిన ఆఖరి లైను కింద గీత గీసేడు.

ఇప్పుడు ఆయన బాగానే ఉన్నాడు. ఏటా ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళకి నేర్పిస్తాడు, నేను కుడిపక్కన నడుస్తాను. లక్ష్మణ్ అప్పుడు ఎనిమిదో రోజుకే డ్యూటీకి వెళ్ళేడు. టీ డబ్బాలో ఇప్పుడు టీపొడే ఉంది.

మీకు చెప్పేది ఒక్కటే. ముందు ఏమన్నా వేసుకున్నారా అని డాక్టరు అడిగితే, సగం మాత్రైనా సరే, ఎవరిదైనా సరే, మొదటిసారి అడిగినప్పుడే గట్టిగా చెప్పండి.