భిక్షపతి సారు అతికించిన గంటలు

రాజ్యాలు మారాయి, జిల్లాలు మారాయి, జనగామ తానే ఒక జిల్లా అయి కూర్చుంది. కొడకండ్ల బడిలో లెక్కలు చెప్పే భిక్షపతి సారు అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు. కంప్యూటర్లో ఒకసారి చేసిన పని మళ్లీ కావలసి వస్తే దాన్ని కాపీ చేసి కింద అతికిస్తారు. ఇంకోసారి కావాలంటే ఇంకోసారి అతికిస్తారు. ఈ సంప్రదాయం పుట్టుక మీద శాసనాలేవీ దొరకలేదు గానీ, దాని ఫలితాలను కంప్యూటర్ టీచర్ రేణుక రోజూ అనుభవిస్తోంది.

బడిగంట దానంతటదే మోగేలా ప్రోగ్రాం కట్టింది సారే. రాత అక్కర్లేని రకం. రంగురంగుల బ్లాకులను తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్చడమే. టైం చూడు, గంట మోగించు, కాసేపు ఆగు, ఆపెయ్. ప్రతి పీరియడ్‌కూ ఈ వరసంతా మళ్లీ మొదటి నుంచి. అడుగుదాకా జరుపుకుంటూ పోయేసరికి వేలు నొప్పెడుతుంది.

సోమవారం నుంచి ఒంటిపూట బడులు. వేళలన్నీ మారాలి. "ఈసారి గంట తప్పితే ఆ కంప్యూటర్ ఆఫీసుకు తెప్పిస్త" అని హెడ్‌మాస్టర్ శాంతి మేడం ముందే చెప్పారు. బడిలో పనిచేసే కంప్యూటర్ అదొక్కటే. అది పోతే రేణుక పిల్లలకు సుద్దముక్కతో కీబోర్డు గీసి చూపించుకోవాలి.

శనివారం ఆమె బ్లాకులన్నీ పక్కనపెట్టి ప్రోగ్రాంను అక్షరాల్లో రాసింది. గంట కొట్టే పని ఒక్కచోటే రాసి, దానికో పేరు పెట్టి, కింద వేళలు వేసింది. అరపేజీ కూడా కాలేదు.

సారు తెరను అటునుంచీ ఇటునుంచీ చూశారు. "గంటేది బిడ్డా?"

"గదే సార్. 'గంట కొట్టు' అని పేరు పెట్టిన."

"పేరు కనవడుతాంది. గంట ఎక్కడ?"

"పేరు లోపల ఉన్నది సార్."

"లోపల దాస్తే ఎవలికి ఎరుకైతది? నా దాంట్ల ఏ పీరియడ్ గంట గా పీరియడ్ కాడ్నే కనవడతది."

"ఇంట్ల మోటర్ స్విచ్ ఏస్తరు గద సార్. తీగలన్నీ బయట పరిచి చూస్కుంటరా?"

"చూస్కుంట. మొన్న కాలిపోతే అట్లనే చూసిన."

రేణుక తల పట్టుకుంది. చివరికి రాజీపడి, అదే పేరుతో ఒక కొత్త బ్లాకు తయారుచేసి, గంట పనంతా అందులో పెట్టి, ప్రతి వేళ కిందా ఆ ఒక్క బ్లాకే ఉంచింది. సారు ప్రసన్నులయ్యారు. ఆమె బస్సెక్కి ఇంటికి పోయింది.

సోమవారం పొద్దున గంటలు సరిగ్గానే మోగాయి. మూడో పీరియడ్ అయ్యాక సారు ల్యాబుకు వచ్చి, "నీ బ్లాకు జర విప్పి పెట్టిన బిడ్డా, అందరికి సమజయ్యేటట్టు" అన్నారు.

"విప్పి?"

"లోపలిదంతా తీసి పీరియడ్‌కొకటి అతికిచ్చిన. ఆఖరిది మాత్రం నా పాత ఫైల్లకెల్లి తెచ్చిన. ఒకటే కద!"

ఆఖరి పాఠం ముగించి రేణుక తెరను అడుగుదాకా జరిపింది. ఇంటిగంట ఇంకా సాయంత్రం వేళ మీదే ఉంది. గోడ గడియారంలో అప్పటికే బడి వదలాల్సిన పన్నెండున్నర దాటింది. వరండాలోకి పరుగెత్తింది.

పప్పు వాసన రాగానే పిల్లలు పళ్లాలు పట్టుకుని వంటగది ముందు లైను కట్టేశారు. శాంతి మేడం టిఫిన్ డబ్బా తెరిచారు. గంట మోగలేదని ఎవరూ గమనించలేదు.