గంప కింద బెల్లంగాడు

కాశీబుగ్గలో మా ఇంటి హాల్లో ఇప్పుడొక ఇనప తీగల పంజరం ఉంది. మా అమ్మాయి ఆన్‌లైన్లో తెప్పించింది. కొత్తగా వచ్చిన నాలుగు నెలల కుక్కపిల్ల అందులో ఉంటుంది. ఎనిమిదేళ్ల పాత కుక్క మాత్రం సోఫా మీదా, మంచం కిందా, వంటింటి గుమ్మంలోనూ తనకు తోచిన చోటల్లా జమీందారులా పొర్లుతుంది. చిన్నది చెప్పులూ, చార్జరు వైర్లూ, ఒకసారి గ్యాస్ పుస్తకం కూడా నమిలేసింది కనక, మేం ఇంట్లో లేనప్పుడు అది లోపలుండడం దాని ప్రాణానికే మంచిది. ఈ ముక్క చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. "ఇదేటమ్మా, ఒకదానికి జైలూ, ఒకదానికి రాజ్యమూనా?" అని నన్నే నిలదీస్తారు. నేను నవ్వి ఊరుకుంటాను. పొద్దున్నే జీడిపిక్కలు కాల్చే వాసన కిటికీలోంచి వచ్చి, ఆ పిల్ల తీగల మధ్యనుంచి ముక్కు బయటపెట్టి ఎగబీలుస్తుంటే మాత్రం నాకు నవ్వు రాదు. గంప కింద నుంచి అలాగే ముక్కు బయటపెట్టిన బెల్లంగాడు గుర్తొస్తాడు.

మాది ఉద్దానంలో, సముద్రానికి అరకోసు దూరంలో ఉన్న చిన్న ఊరు. ఇంటి ముందు ఇసక, ఇంటి వెనక ఇసక, దాని మీద కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలు. ఉగాది దాటి ఎండ ముదిరేసరికి జీడిపళ్లు ఎర్రగా, పచ్చగా రాలి, వాటి పులిసిన వాసనకు ఈగలు ముసిరేవి. మేం పిల్లలం ఆ పళ్లను చీల్చి ఉప్పూకారం అద్దుకుని, గొంతు పట్టేసేదాకా తిని, గౌన్ల నిండా కడిగినా పోని మరకలు చేసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి పచ్చి జీడిపప్పు కూరా, పనసపొట్టూ తిని, మర్నాటి పొద్దున్న ఉల్లిపాయ నంచుకుని రాగిపిండి కాచిన చోడంబలి తాగుతూ, స్వర్గమంటే ఇంతే కాబోలు అనుకునేవాళ్లం. మా నానమ్మ చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆ చుట్ట నోట్లోంచి బయటికి తీసిందంటే ఇంట్లో ఏదో తీర్పు రాబోతోందని అర్థం.

మాకు రెండు కుక్కలుండేవి. కర్రోడు నల్లది, ముసలిది, పెద్దమనిషి, అరిస్తే అర్థముండేది. రెండోది బెల్లంగాడు. రంగు బెల్లం రంగు, బుద్ధి బెల్లం చుట్టూ తిరిగే ఈగ బుద్ధి. ఏం విసిరినా గాల్లోనే అందుకునేవాడు. రాయి విసిరితే రాయి, పుల్ల విసిరితే పుల్ల, నాన్న చెప్పు విసిరితే ఆ చెప్పు మళ్లీ దొరికేది కాదు. నా జతగాడు వాడే.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. అరుగు మీద ఎండబోసిన పచ్చి జీడిపిక్కల కుప్పను పిల్లలు ముట్టుకోకూడదు. పచ్చి పిక్క తొక్కలో ఉండే సొన తగిలితే చర్మం కాలి, పొక్కి, నల్లగా ఊడొస్తుంది. నిరుడు నా వేళ్లన్నీ అలా పాడయ్యాయి కనక, ఈసారి కుప్ప జోలికి వెళితే వేసవిలో టెక్కలి అత్త ఇంటికి పంపేది లేదని నానమ్మ చుట్ట తీసి మరీ చెప్పింది. టెక్కలంటే నాకు బస్సూ, సినిమా హాలూ, గోళీసోడా! కానీ ఆడుకోవడానికి పిక్కల్ని మించినవి ఏమున్నాయి? పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు బూడిద రాసుకోవడం చూశాను. నేనూ పొయ్యిలో బూడిద మోచేతుల దాకా పట్టించుకుని, ఒక సాయంత్రం నానమ్మ పాలు పిండుతుండగా, కుప్పలోంచి ఒక్కో పిక్కా తీసి గాల్లోకి విసిరాను. బెల్లంగాడు ఎగిరెగిరి అందుకున్నాడు. తెచ్చివ్వడమెందుకనుకున్నాడో ఏమో, పటపటా నమిలి ఉమ్మేశాడు. పదో పదిహేనో అయ్యాక చేతులు కడుక్కున్నాను. మరక లేదు, మంట లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్న బెల్లంగాడి మూతి నుంచి తీగలు తీగలుగా చొంగ కారుతోంది. నురగ. గాబు దగ్గరికి వెళ్లడం, నీళ్లలో మూతి పెట్టడం, కెవ్వుమని వెనక్కి దూకడం. పక్కింటి దానయ్య మావ రోజూలాగే తల నిమరబోతే పళ్లు చూపించి గుర్రుమన్నాడు. మావ అంగలు వేసి అరుగెక్కేశాడు.

"ఎర్రి కుక్క! నీల్లు సూసి బెదురుతన్నాది. అందరూ లోపలికెల్లండి!"

క్షణంలో వీధి వీధంతా మా గోడ అవతల నిలబడింది. నలుగురి చేతుల్లో కర్రలున్నాయి. నానమ్మ మేకపిల్లల్ని మూసే పెద్ద వెదురుగంప తెచ్చి, ఎముక ఒకటి ఎరవేసి, బెల్లంగాడి మీద బోర్లించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టింది. మా నాన్న కొబ్బరిచెట్ల మొదళ్లలో వేయడానికి ఉప్పు తేవాలని బండి కట్టుకుని నౌపడ వెళ్లాడు. మర్నాటికి గాని రాడు. నానమ్మ చుట్ట తీసింది. "నా కొడుకొచ్చీదాకా ఎవులూ కర్రెత్తకూడదు. ఆడొచ్చినాక మీ ఇట్టం," అంది. అంటే బెల్లంగాడికి మిగిలింది ఒక్క రోజు. కర్రోడు మాత్రం పెరడంతా తనదేనన్నట్టు తిరిగి, బెల్లంగాడి వాటా అన్నం కూడా తినేసి, గంప నీడలోనే పడుకుని నిద్రపోయాడు.

నేను తేలు కుట్టిన దొంగలా మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాను. టెక్కలి ఒక పక్క, గంప కింద నుంచి కనిపించే ఆ తడి ముక్కు ఒక పక్క. చివరికి నానమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తూ చెప్పేశాను: అది ఎర్రి కాదు, పిక్కలు నమిలించింది నేనే, దాని నోరు కాలింది. నానమ్మ నా చేతులు తిప్పి తిప్పి చూసింది. ఒక్క మచ్చ లేదు. బూడిద అంత బాగా పనిచేసింది!

అరుగు మీదున్న దానయ్య మావ నవ్వాడు. "ఎలుగుబంటి గుంట మాట నమ్మకత్తా. కుక్క మీద పేనం, అందుకే అలగంతన్నాది."

ఆ పేరు నాకు ఊరికే రాలేదు. అంతకు ముందు నెల, పళ్లు ఏరడానికి బద్ధకించి, పనసచెట్టు కింద ఎలుగుబంటిని చూశానని అరిచాను. ఊరి మగవాళ్లంతా డప్పులూ కర్రలూ పట్టుకుని తోటంతా గాలించి, ఒక్క పాదం గుర్తైనా లేక తిరిగొచ్చారు. ఇప్పుడు నా నోట్లోంచి వచ్చిన నిజానికి విలువ లేదు. నానమ్మ కూడా "పోవే, ఎల్లి కూడు తిను," అని తల నిమిరింది. ఆ నిమరడం కంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

కుప్ప వెనక్కి వెళ్లాను. ఒక పచ్చి పిక్క తీశాను. బూడిద రాసుకోలేదు. పళ్ల మధ్య పెట్టి గట్టిగా కొరికాను.

నోరు భగ్గుమంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఎవరికీ చెప్పకుండా, కడుపునొప్పని వంక పెట్టి ముసుగు తన్నాను. తెల్లారేసరికి కింది పెదవి పనసతొనంత అయ్యింది. నోరు మూసుకోదు, చొంగ ఆగదు. వాకిట్లో ఉప్పు బండి ఆగింది. నాన్న దిగకముందే నలుగురు మనుషులూ కర్రలతో హాజరు. నేను నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాను. నానమ్మ హడలిపోయి చెంబుతో నీళ్లందించింది. ఒక గుక్క తగలగానే కెవ్వుమని చెంబు వదిలేశాను.

"ఓలమ్మో, గుంటని కరిసీసినాదేటి?" అన్నాడు దానయ్య మావ.

నేను గుప్పిట విప్పాను. కొరికిన పిక్క. నానమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, గంపను చూసింది. చుట్ట నోట్లోంచి తీయడం కూడా మర్చిపోయి ఇసకలో కూలబడింది.

"ఇది నిజమే సెప్పినాది. మనమే నమ్మనేదు," అంది.

నాన్న ఆలోచించాడు. కర్రలు వెనక్కి వెళ్లిపోయాయి గాని, పది రోజులు చూడాల్సిందే, కుక్క గంప కిందే ఉండాలన్నాడు. "అలగయితే ఈ గుంటని కూడా గంప కింద ఎట్టీ. దీనికీ సొంగ కారతన్నాది, ఇదీ నీల్లు తాగట్లేదు," అంది నానమ్మ. కర్రలు పట్టుకున్నవాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఆ పది రోజులూ మా ఇద్దరికీ ఒకటే పథ్యం: వెన్నా, మజ్జిగన్నం. నాకు నానమ్మ వేలితో వెన్న రాసేది. బెల్లంగాడికి కర్ర చివర గుడ్డ చుట్టి గంప సందులోంచి రాసేది. నాలుగో రోజున వాడు నీళ్లు తాగాడు. పదో రోజున గంప లేపితే పెరడు చుట్టూ మూడు సార్లు పరిగెత్తి, తిన్నగా వెళ్లి దానయ్య మావ చెప్పుల మీద కాలెత్తాడు. కర్రోడు మర్యాద కోసం ఒకసారి గుర్రుమని, నీడలో కొంచెం జరిగి చోటిచ్చాడు. టెక్కలి ప్రయాణం మాత్రం పోయింది, మాట మాటే కదా! కానీ ఆ రోజు నుంచి నానమ్మ నన్ను సాక్ష్యం అడగలేదు. మరుసటి ఏడు నిజంగానే ఎలుగుబంటి కనిపించిందని చెబితే, ఎక్కడని కూడా అడగకుండా పిల్లలందరినీ లోపలికి తోసి తలుపేసింది.

ఇప్పుడా తోట సగం లేదు. గాలివానలు చెట్లను పడుకోబెట్టాయి, పిక్కలు యంత్రాలు కొడుతున్నాయి, అంత గంప అల్లేవాళ్లు మా ఊళ్లో ఎవరూ మిగల్లేదు. అడ్డపొగ పీల్చేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది. నానమ్మ పోయి పదిహేనేళ్లయింది. నేను చెప్పగానే నమ్మే మనిషి ఇంట్లో ఉండడం ఎంత భాగ్యమో ఆమె పోయాకే తెలిసింది. పైగా టెక్కలి ఆఫీసులో పంటనష్టం పరిహారానికి దరఖాస్తులు తీసుకునే నా ఉద్యోగమే రోజంతా జనాన్ని సాక్ష్యాలడగడం.

మొన్న ఒక ముసలావిడ వచ్చింది. గాలివానకు జీడిచెట్లు పదకొండు పడిపోయాయంది. ఫోటో ఉందా అన్నాను. "ఫోన్ నేదమ్మా. పడ్డ సెట్లు నరికి పొయ్యిలో ఎట్టీసినాం. మొదల్లున్నాయి. నా మాటే," అంది. ఫోటో తీసుకుని రేపు రండి అన్నాను, రోజూ అన్నట్టే. ఆమె లేచింది, బడి పిల్లలా చేతులు కట్టుకుని మెట్లు దిగింది. తరవాతి దరఖాస్తు చేతిలోకి తీసుకున్నాను గాని ఒక్క అక్షరం కనబడలేదు. లేచి పరిగెత్తాను. బస్సు ఎక్కబోతుంటే చేయి పట్టుకున్నాను.

"నమ్మినాను," అన్నాను. "ఆదివారం నానే వత్తాను. ఫోటో నానే తీత్తాను."