ఉప్పు మంచు

1963 జనవరి నెలాఖరులో మా టూరింగ్ టాకీస్ గుడారాన్ని ఇందుకూరుపేట దాటాక, మైపాడు దారిలో, సరుగుడు తోట పక్కనున్న ఇసక నేలలో వేశాం. ఆ కంపెనీలో కాగితం మీద నేను మేనేజరును. జనానికి మాత్రం మైకాయనను. ఇంగ్లీషు సినిమా ఆడినప్పుడు తెర పక్కన స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని, జరుగుతున్న కథంతా తెలుగులో చెప్పేవాణ్ణి. ఇలా చెప్పేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారంటే ఇప్పటివాళ్ళు నమ్మడం లేదు.

కొత్త తెలుగు సినిమా ప్రింటు మాలాంటి గుడారాల దాకా రావాలంటే ఏడాది పట్టేది. మధ్యలో ఖాళీ వారాలకు డిస్ట్రిబ్యూటరు పాత ఇంగ్లీషు ఫైటింగు సినిమాలు అంటగట్టేవాడు. ఆసారి వచ్చింది అమెరికా తొలినాటి యుద్ధం కథ. అక్కడి రైతులు, కమ్మర్లు, బడిపంతుళ్ళు కలిసి ఇంగ్లండు రాజు సైన్యం మీద తిరగబడతారు. నా ఇంగ్లీషు ఫోర్తు ఫారంతో ఆగిపోయిన ఇంగ్లీషు. అర్థమైనంత వరకు చెప్పి, కానిచోట నా సొంతం కలిపేవాణ్ణి. ‘వీళ్ళెవరనుకున్నారు, మనల్ని ఏలిన దొరల ముత్తాతలు’ అనేసరికి నేల టికెట్ల వాళ్ళు ఈలలు వేసేవారు. అది బ్లాక్ అండ్ వైట్ సినిమా. అయినా శత్రువులవి ఎర్రకోట్లు అని నేను చెబితే ఎర్రగానే కనబడుతున్నాయని ఒప్పుకునేవారు. అంత మంచి జనం.

ఒప్పుకోనిది ఒక్క హవల్దారు యోహాను గారే. పెద్ద యుద్ధంలో ఇటలీ కొండల దాకా వెళ్ళివచ్చి, పెన్షను మీద ఊళ్ళో ఉంటున్నాడు. ఊరంతా వట్టికాళ్ళతోనో చెప్పులతోనో తిరిగే ఆ ఇసకలో ఆయన ఎప్పుడు చూసినా కాన్వాసు బూట్లతోనే ఉండేవాడు. బూట్లు విప్పాల్సి వస్తుందని చర్చిలోకి కూడా వెళ్ళకుండా గడప బయటే నిలబడి ప్రార్థన చేసుకునేవాడట. మిలిటరీ పొగరు అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన బెంచీ టికెట్టు కొనుక్కుని కూర్చుని నా ప్రతి మాటకూ అడ్డం పడేవాడు.

‘అబ్బయా, ఆ తుపాకీకి ఒక్కటే గుండు. మందు కూరాల, గుండు దోపాల, ఇనప కడ్డీతో దంచాల. నీ హీరో ఊపిరి తిప్పుకోకుండా మూడుసార్లు కాల్చినాడు. ఎట్టా?’

‘హీరో గదండీ’ అన్నాను మైకులోనే. జనం విరగబడి నవ్వారు.

‘నెలల తరబడి యుద్ధంలో ఉన్నోడికి గడ్డం పెరగదా? ఆ చొక్కా చూడు, చాకలి ఇప్పుడే తెచ్చిచ్చినట్టుండాది.’

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. రెండో రోజుకి సంగతి అర్థమైంది. జనం సినిమాకు ఎంత వస్తున్నారో మా ఇద్దరి వాదులాటకూ అంతే వస్తున్నారు. రెండు ప్రొజెక్టర్లున్న హాల్లో ఒక రీలు అయ్యేలోగా రెండో ప్రొజెక్టరు అందుకుంటుంది, దాన్ని చేంజోవర్ అంటారు. మాకున్నది ఒక్కటే ప్రొజెక్టరు. రీలు రీలుకూ దీపాలు వేసి, ఆపరేటరు రీలు మార్చేదాకా జనం లేచిపోకుండా చూసుకోవాలి. ఆ పని హవల్దారు ఉచితంగా చేసిపెడుతున్నాడు. పైగా ఆయన ఏరిన తప్పులు వినడానికే చూసినవాళ్ళు మళ్ళీ చూస్తున్నారు.

ఇక వెంగమ్మ సంగతి. కలుపు పనికి వెళ్ళి బతికే మనిషి, మొగుడు లేడు. రోజూ మొదటి ఆటకు వచ్చి, ఆడవాళ్ళ వైపు అందరికంటే ముందు కూర్చునేది. సినిమా సగం దాటాక మంచు రీలు వస్తుంది. ఓడిపోయిన సైన్యం బూట్లు లేక, కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని మంచులో నడుస్తూ పోతుంది. ఆ రీలు అవగానే వెంగమ్మ లేచి, చీర దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయేది. అసలు యుద్ధం, గెలుపు, నేను నోటితో పేల్చే ఫిరంగులు అన్నీ ఆ తర్వాతే. మూడు రోజులు వరసగా చూసి నాకు ఉక్రోషం వచ్చింది. నాలుగో రోజు ఆమె వెళ్ళిపోతుంటే గేటు దగ్గర పట్టుకున్నాను.

‘ఏమ్మా, నా ఫిరంగులు నచ్చలేదా?’

‘నాకు ఆ మంచు సాలు నాయనా. మా పెంచలయ్య ఆడనే ఉండాడు.’

ఒక్కడే కొడుకు, పటాలంలో చేరాడు. చైనా సరిహద్దులో ఉన్నాడు. యుద్ధం ఆగి రెండు నెలలు దాటింది. బతికే ఉన్నాడని కబురు వచ్చింది గాని అంతకు మించి ఏమీ తెలియదు.

‘మైపాడులో చేపల పెట్టెలో ఐసేస్తారు గదా, దాంట్లో చెయ్యి పెట్టి చూసినా’ అంది వెంగమ్మ. ‘రవ్వంతసేపు కూడా ఓర్సుకోలేక తీసేసినా. నేనంటే తీసేసినా. వాడు కాలు తీసి యాడ పెడతాడు నాయనా?’

పక్కకు జరిగి ఆమెకు గేటు తీసి పట్టుకున్నాను.

మర్నాడు మంచు రీలు వచ్చినప్పుడు నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. సంగతి తెలియని హవల్దారు మాత్రం వెనకనుంచి ఎప్పటిలాగే అందుకున్నాడు.

‘అది మంచు కాదబ్బయా, ఉప్పు. అంత చలిలో మనిషి నోట్లోనించి పొగలొస్తాయి. ఇంతమంది నడస్తా ఉండారు, ఒక్కడి నోట్లోనన్నా పొగ ఉండాదేమో చూడు.’

అందరం ఆ నోళ్ళ వంక చూశాం. నిజమే, పొగ లేదు. ఆ తీరంలో ఉప్పు పండించే కయ్యలు చూడనివాళ్ళెవరు? ‘ఉప్పే, ఉప్పే’ అంటూ గుడారంలో ఒకటే నవ్వు. వెంగమ్మ ఒక్కతే నవ్వలేదు. వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తోంది.

రీలు అయిపోయింది. దీపాలు వెలిగాయి. ఆమె రోజూ పోయే దారిన పోకుండా నేరుగా బెంచీల దగ్గరికి నడిచింది.

‘అన్నా, నువ్వు మంచు చూసినావా?’

‘చూసినాను వెంగమ్మా’ అన్నాడు హవల్దారు. ఆమె ఎవరి తల్లో ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ముఖం మారిపోయింది.

‘తుపాకులు అబద్ధమన్నావు. సొక్కాలు అబద్ధమన్నావు. ఇప్పుడు మంచే ఉప్పంటివి. మరి ఆ కాళ్ళకి సుట్టుకున్న పీలికలు? అదీ అబద్ధమేనా?’

నవ్వులు ఆగిపోయాయి. ఆపరేటరు కూడా రీలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ప్రతిదానికీ టక్కున జవాబు చెప్పే మనిషి తల వంచి వెంగమ్మ కాళ్ళ వంక చూశాడు. పొలం బురద ఎండి తెల్లబారిన వట్టి కాళ్ళు.

‘అదీ అబద్ధమే’ అన్నాడు. ‘పటాలంలో ఎవురన్నా పీలికలు కట్టుకుంటారా? తోలు బూట్లిస్తారు. లోపల ఉన్ని మేజోళ్ళు, ఒక జత మీద ఇంకో జత. లోపల కాలుండాదని మంచుకే తెలవదు.’

‘ఒట్టా?’

‘ఒట్టు.’

మనవాళ్ళను ఎంత పల్చటి బట్టలతో, ఎంత నాసి బూట్లతో ఆ కొండలెక్కించారో అప్పటికి పేపర్లు చదివేవాళ్ళందరికీ తెలుసు. టీ అంగట్లో రోజూ నా చేతిలోని పేపరు అందుకుని చదివేది ఈ హవల్దారే. వెంగమ్మకు చదువు రాదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి తన చోట్లో కూర్చుంది. ‘ఇంకేం నాయనా, నీ ఫిరంగులు కానీ’ అంది నాతో. ఆ రోజు పేల్చినట్టు నేను మళ్ళీ ఎన్నడూ పేల్చలేదు. ఇంగ్లీషు సేనాని గుర్రం మీదనుంచి బోర్లా పడితే ఆమె పైకే నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు.

ఆట అయిపోయి జనం వెళ్ళిపోయినా హవల్దారు బెంచీ మీదే ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి, ‘మొత్తానికి మీరూ కథ చెప్పారండీ’ అన్నాను తేలిగ్గా. ఆయన నవ్వలేదు. వంగి, లేసులు విప్పి, కుడికాలి బూటు తీశాడు. కాలికి వేళ్ళు లేవు.

‘ఇటలీ కొండల్లో మా బూట్లు తడిసి చినిగిపోయినాయి. గోనెపీలికలు సుట్టుకుని నడిచినాం. పక్క పటాలంలో ఒక అమెరికా సోల్జరు ఉండేవోడు. మా ముత్తాతలు కూడా మీ మాదిరే నడిచి ఇంగ్లీషోళ్ళ మీద గెలిచినారని చెప్పినాడు. ఈ బొమ్మంతా ఉప్పే అబ్బయా. ఆ పీలికలొక్కటే నిజం. దాన్నే అబద్ధమని ఒట్టేసినాను.’

నేను ఇసకలో కూర్చుని ఆ బూటు తొడిగి లేసులు కట్టాను. పొగరనుకున్నందుకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఆ మనిషి మీద ప్రేమ కలిగింది.

మర్నాటి నుంచి గుడారం ఎత్తేదాకా హవల్దారు మంచు రీలు రాగానే ‘ఉప్పు’ అని కేకవేసేవాడు. గుడారమంతా ‘ఉప్పు’ అని అందుకునేది. వెంగమ్మ నవ్వుతూ ఆఖరిదాకా కూర్చునేది.

మే నెలలో కోతలయ్యాక మళ్ళీ అదే చోట గుడారం వేశాం. ఊరివాళ్ళే అడిగి మరీ ఆ సినిమా తెప్పించుకున్నారు. మొదటి రోజే వెంగమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పెంచలయ్య నవ్వుముఖం వాడు, బాగా చిక్కిపోయాడు. ఆ ఎండాకాలపు ఇసకలో బూట్లు వేసుకుని, ఒక కాలు ఆనీ ఆననట్టు వేస్తూ నడుస్తున్నాడు. హవల్దారు ముందు ఆ బూట్లు చూశాడు, తర్వాత ముఖం చూశాడు. లేచి నిలబడ్డాడు.

వెంగమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఆయన ఎదటికి తీసుకెళ్ళింది.

‘సూడన్నా, నువ్వు చెప్పినట్టే. మావోడికి బూట్లిచ్చినారు.’

కొడుక్కి నీళ్ళు తోడిపోసే తల్లికి వాడి కాళ్ళు కనబడకుండా ఉంటాయా? ఆమెకు అంతా తెలుసు. తెలిసే ఆ మాట అంది. తన కోసం ఆయన వేసిన దొంగ ఒట్టును నలుగురిలో నిలబెట్టింది. హవల్దారు పెంచలయ్య భుజం మీద చెయ్యి వేసి, తన పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాడు.

మంచు రీలు వచ్చింది. కాళ్ళకు పీలికలు చుట్టుకున్నవాళ్ళు తెర మీద నడుస్తున్నారు. హవల్దారు కేక కోసం అందరూ ఎదురుచూశారు. ఆయన పెంచలయ్య బూట్ల వంకే చూస్తున్నాడు. నేనూ మైకు కిందికి దించాను. అప్పుడు ముందు వరసలోంచి, ఆడవాళ్ళ వైపునుంచి, వెంగమ్మ ‘ఉప్పు’ అని కేకవేసింది. గుడారమంతా అందుకుంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు పెంచలయ్యే.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మైకు పట్టుకున్నాను. హవల్దారు లాంటివాళ్ళు తప్పులు ఎంచుతుంటే ఎప్పుడూ కసురుకోలేదు, తప్పులు తెలిశాక జనం ఇంకా ఇష్టంగా చూస్తారని ఆయన వల్లే తెలుసుకున్నాను. కానీ ‘ఇది నిజంగా ఇట్టనే జరిగిందా?’ అని ఎవరైనా అడిగితే మాత్రం, అడిగినవాళ్ళ ముఖం ఒకసారి చూసుకున్నాకే జవాబు చెప్పేవాణ్ణి.