అత్త తల మీద పడనివ్వని చెయ్యి

మంగళవారం పొద్దున శామీర్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త నిద్రలోనే పోయింది. "జల్దీ రా అక్కా, ఇంక తానం పోయలే" అంది ఆమె కోడలు. ఆ స్నానానికి ముందు నేను చేయవలసిన పని ఒకటుంది. అత్త నా చేత ఒట్టు వేయించుకుంది.

అత్త తల మీద, కుడి చెవికి పైన, అరచేయంత మేర వెంట్రుక మొలవదు. పదమూడేళ్లప్పుడు ఆమెకు పేలు పడ్డాయి. గోకి గోకి తల పుండ్లయింది. కొత్తగా కాపురానికొచ్చిన వదిన, అంటే మా పెద్దమ్మ, తనకెక్కడ అంటుతాయోనని ఆ పుండ్ల మీదే గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోసి, గుడ్డ కట్టి, పొద్దంతా విప్పనివ్వలేదు. తోలు కాలింది. మూడో రోజు మా నాయిన మేడ్చల్ దవాఖానకు తీసుకుపోయాడు. పుండ్లు మానాయి, కుదుళ్లు చచ్చాయి.

పెద్దమ్మ ఎన్నడూ తప్పయిందనలేదు. పైగా ప్రతి పెళ్లిలో, నలుగురిలో, "దాని పేలు వదలగొట్టింది నేనే గదా! లేకుంటే బుర్రతోటి సహా తినేటియి" అని నవ్వేది. అందరూ నవ్వేవారు. అత్త కొంగు సర్దుకునేది.

దవాఖానలో కట్టు మార్చిన నర్సమ్మను అడిగి అడిగి అత్త తలల సంగతి నేర్చుకుంది. చిన్నప్పుడు నా తల దువ్వేముందు దువ్వెన పళ్లను తన మోచేతి మీద గీసి చూసేది, గుచ్చుతాయేమోనని. తర్వాత యాప్రాల్, కౌకూర్ కాలనీల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవారు. ఏ నూనె మంచిదని అడిగితే చిరాకుపడేది. వారం రోజులు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పొట్లం కట్టి తెమ్మనేది. వెలుతురుకు పట్టి చూసేది, కుదురుతో ఊడిందా, మధ్యలో తెగిందా అని. తెగితే, "తడి తల దువ్వకు. సిక్కు కిందికెళ్లి తీసుకుంట పైకి పో." చుండ్రయితే, "నూనె మీద నూనె పెడితే పోతదా? తల కడుగు." గుండ్రంగా మచ్చలా ఊడితే, "గిది నాతోని గాదు, తోలు డాక్టరుకు సూపియ్యి."

నాలుగేళ్ల కింద పెద్దమ్మ కూడా పొట్లంతో వచ్చింది. జ్వరం తగ్గాక జుట్టు గుప్పెళ్లుగా ఊడుతోంది.

"జరమొచ్చి పోయినంక గిట్లనే ఊడుతయి. మల్ల మొలుస్తయి. గని వదినె, నీకు పేలున్నయి."

వాకిట్లో, వచ్చిపోయేవాళ్లందరికీ కనబడేలా కూర్చోబెట్టింది. రోజూ పేల దువ్వెనతో లాగి, ఒక్కొక్కటీ గోటి మీద టిక్కుమని నొక్కేది.

"మెల్లగనే, నొస్తాంది!" అంది పెద్దమ్మ.

"గ్యాసునూనె తేవాల్నా వదినె?"

ఆ వాకిట్లో నవ్వింది నేనొక్కదాన్నే.

జుట్టు మళ్లీ వచ్చింది. ఎందుకు బాగుచేశావని అత్తనడిగాను.

"తల బాగుజేసిన. మాఫ్ జెయ్యలే. గది వేరే పని." నా చెయ్యి తన తల మీద పెట్టుకుంది. "నేను పోయినంక అందరు నా తలకు నూనె పెడ్తరు. దాని చెయ్యి పడనియ్యకు. బతికున్నన్ని దినాలు నేను జూసుకున్న. గారోజు నువ్వు జూడాలె."

చూశాను. ఆ మంగళవారం ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె తలకు నూనె అంటుతున్నారు. పెద్దమ్మ గిన్నెలోంచి అరచేతి నిండా తీసుకుని వంగింది. మణికట్టు పట్టుకున్నాను.

"పాత ముచ్చట గిప్పుడెందుకు బిడ్డా?"

"ఆమె వద్దన్నది పెద్దమ్మా."

సావు కాడ గీ లొల్లేందని ఎవరో అన్నారు. నేను వదల్లేదు. పెద్దమ్మకు చదువు రాదు. మనవరాలి చేత ఇది చదివించుకుంటుంది. వినాలనే రాస్తున్నాను.

ఆమె పక్కకు జరిగి నిలబడింది. నూనె వేళ్ల సందుల్లోంచి కారుతోంది. తుడుచుకోవడానికి ఎవరూ గుడ్డ ఇవ్వలేదు. కాసేపు చూసి, ఆ చేతిని తన జుట్టుకే రాసుకుంది. తెల్లగా, ఒత్తుగా, ఎక్కడా ఖాళీ లేని జుట్టు.